హస్తవాసి

టేబుల్ మీద రెండు కేసు షీట్లు. ఒక్కోదానికి క్లిప్పుతో తగిలించిన ఒక్కో కవరు. వాటిని థియేటర్లో డాక్టరే విప్పాలి.

వార్డు సిస్టరు అటూ ఇటూ చూసి, తన మనవడి కవరును ట్యూబులైటుకు అడ్డంపెట్టింది. లోపల ఒకే మాట: "వద్దు". పక్క మంచం పిల్లాడి కవరులో: "జెల్".

మూత్రం దారి సరిచేసే ఆపరేషన్ అయ్యాక కుట్ల మీద పూసే జెల్ అది. పిల్లాడి రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి తయారుచేస్తారు. పూస్తే గాయం ఎంత బాగా మానుతుందో తేల్చడానికి డాక్టరు సగంమందికే వేస్తున్నాడు. రక్తం మాత్రం అందరి దగ్గరా తీస్తారు. ఎవరికి పూశారో థియేటరు దాటి పొక్కదు.

మనవడికి ఐదేళ్లు. ఇప్పటికే రెండుసార్లు కుట్లు విడిపోయాయి.

"ఈసారీ విడిపోతే, కప్పడానికిక చర్మం లేదు సిస్టర్," అన్నాడు డాక్టరు.

సాయంత్రం, వార్డులో కొడుకుకి తోడున్న కూతురి దగ్గర చెప్పుకుని ఏడ్చింది సిస్టరు.

"మార్చెయ్యమ్మా! క్లిప్పు తీసి పెట్టడమేగా?"

"నోర్ముయ్యవే. ముప్పై ఏళ్ల సర్వీసులో దూదిముక్క ఇంటికి తేలేదు నేను."

"అయితే ఆ నిజాయితీనే తెచ్చి వాడి కుట్ల మీద పూయి," అని విసురుగా వెళ్లిపోయింది కూతురు.

తెల్లారింది. స్ట్రెచర్ వచ్చింది.

"అమ్మమ్మా, ఈసారి చివరిదేగా?" అన్నాడు మనవడు.

"చివరిదే నాన్నా."

గబగబా టేబుల్ దగ్గరికి నడిచింది. రెండు క్లిప్పులూ తీసి, కవర్లు మార్చి పెట్టేసింది.

పదో రోజు కట్లు విప్పారు.

పక్క మంచం పిల్లాడి గాయం సన్నటి గీతలా మానింది. వాళ్లమ్మ పరుగున వచ్చి సిస్టరు చేతులు కళ్లకద్దుకుంది. "అంతా మీ హస్తవాసి సిస్టర్!"

మనవడి కుట్లు మళ్లీ విడిపోయాయి.

దుప్పట్ల గదిలో కూతురి ముందు కూలబడింది సిస్టరు.

"జెల్ పూసినా మానలేదే! నీ మాట విని, ఆ పొద్దున కవర్లు మార్చాను. పరాయి బిడ్డ నోటి దగ్గరిది లాక్కున్నాను. అయినా..."

కూతురి మొహం పాలిపోయింది.

"నువ్వెటూ మార్చవని, ముందురోజు సాయంత్రమే నేను మార్చేశానమ్మా."