రోడ్డు వైపు గూడు

నా గూడు గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. అందుకే ఎదుటివాళ్లు చెప్పేదాకా వాళ్లను వదలను. నేను గిజిగాణ్ణి. ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే అల్లుతాను.

ఊరు పాకి పొలాల దాకా వచ్చిన ఏడు మా ఈతచెట్టుకు పడమరగా కొత్త రోడ్డు పడింది.

"రోడ్డు వైపు కట్టరా అల్లుడూ, రేపు ఇదంతా సిటీయే," అన్నాడు కాకి మామ. సొంత గూట్లో కోయిల పిల్లలు పెరుగుతున్నా కనిపెట్టలేని పెద్దమనిషి. ఆయన మాట వెంటనే నమ్మేశాను.

మాలో మగవాడు సగం గూడు అల్లి ఆగాలి. ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం. ఒప్పుకోకపోతే ఆ ఏడు పెళ్లీ లేదు, పిల్లలూ లేరు.

తొలకరికి ముందు తాయారు వచ్చింది. గూట్లో కూర్చుని, ముక్కుతో నాలుగు పోచలు లాగి చూసింది.

"అల్లిక గట్టిదే. ఇక్కడ వానజల్లు ఎటునుంచి కొడుతుందయ్యా?"

"పడమర నుంచే. అయినా ఆ రోడ్డు చూడు, ఆ దీపాలు చూడు!"

"నా గుడ్లు దీపాలు చూస్తాయటయ్యా?" అని నవ్వి, చెట్టుకు తూర్పున ముళ్లకంప పైన ఇంకొకడు అల్లిన ఓ వంకర గూట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడే గాలివాన దిగింది. నా సగం గూడు రోడ్డు మీద పడి లారీ చక్రానికి చుట్టుకుపోయింది. తాయారు గూడు కాసేపు ఊగి ఊరుకుంది.

ఈ ఏడు ఇంకో కొమ్మ చూసుకున్నాను. అదీ రోడ్డు వైపే. వాన ఎటునుంచి కొడుతుందో నాకు బాగా తెలుసు. తెలిసినదాన్నిబట్టి కొమ్మ ఎంచుకోవడమే ఇంకా నేర్చుకోలేదు.