ప్రత్యేక గది

"ఆపండమ్మా! ఇంకొక్క మాట మాట్లాడితే బయటికి పంపించేస్తాను!"

గుమ్మంలోనే నిలబడి ఇన్విజిలేటర్ మేడమ్ అరిచిన అరుపుకి లోపలున్న ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కీబోర్డు చప్పుడు ఠక్కున ఆగింది.

అప్పటిదాకా డ్యూటీలో ఉన్నాయన టీకి వెళ్తూ చెప్పింది ఇంతే: "లోపల ఇద్దరుంటారు. ఒకరు క్యాండిడేటు, ఒకరు సహాయానికొచ్చినవాళ్లు. వికలాంగుల చట్టం పేపరు." తీరా వచ్చి చూస్తే, కంప్యూటరు ముందు నల్లకళ్లద్దాలాయన, గోడకి ఆయన తెల్లకర్ర. పక్కన ఏసీ చలికి నిండా శాలువా కప్పుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి జవాబు గడగడా చెప్పేస్తోంది, ఆయన టైపు చేసేస్తున్నాడు. పట్టపగలు, తలుపు బార్లా తీసి పెట్టుకుని మరీ!

"మేడమ్, నేను..." అంది అమ్మాయి.

"మీరు మాట్లాడకండి. సహాయానికి పిలిస్తే జవాబులే చెప్పేస్తారా? మాల్‌ప్రాక్టీసు రాశానంటే మూడేళ్లు పరీక్ష ఉండదు, తెలుసా?"

అమ్మాయి మొహం పాలిపోయింది. "టైము పోతోంది మేడమ్. ఇంకా రెండు ప్రశ్నలున్నాయి."

"ఆ ప్రశ్నల సంగతి ఆయన చూసుకుంటారు."

"ఒక్క మాట వినండి మేడమ్," అన్నాడు నల్లకళ్లద్దాలాయన.

"మీ తప్పేం లేదు లెండి." మేడమ్ గొంతు మెత్తబడింది. వంగి కంప్యూటర్లో చూసింది. నాలుగు పేజీలు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. రెండు కళ్లూ ఉండి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసే మేడమ్‌కి ఒళ్లు జలదరించింది. కింద చివరి వాక్యం: 'వికలాంగులకు ఏం కావాలో మనమే ఊహించుకోకుండా ముందు వారినే అడగాలి.'

"ఎంత గొప్ప మాటండీ!" మేడమ్ కళ్లు చెమర్చాయి. "మీకు చేతులెత్తి దండం పెట్టాలి. ఇంత ప్రతిభ ఉంచుకుని ఈవిడ చెప్పింది ఎక్కించడం దేనికి?"

"ఆ వాక్యం నాది కాదండీ."

"అదే కదా నా బాధ!"

మేడమ్ మాల్‌ప్రాక్టీసు ఫారం తీసి టేబుల్ మీద పెట్టి, అమ్మాయి ముందు పెన్ను పెట్టింది. "సహాయకుల సంతకం అని ఉంది చూడండి. పెట్టండి."

"అక్కడ పెట్టాల్సింది నేను కాదు మేడమ్."

"చేసిందంతా చేసి బుకాయింపొకటా? తియ్యండి చెయ్యి బయటికి!" మేడమ్ శాలువా కొస పట్టుకుని విసురుగా లాగింది.

శాలువా కుర్చీలోకి జారింది. అమ్మాయి చొక్కా చేతులు రెండూ ఖాళీగా, భుజాల దగ్గరే మడిచి, పిన్నులు పెట్టి ఉన్నాయి.

మేడమ్ ఆ నాలుగు పేజీల వంక, ఆ అమ్మాయి వంక మార్చి మార్చి చూసింది.

నల్లకళ్లద్దాలాయన టేబుల్ తడిమి, ఫారం, పెన్ను తనవైపు లాక్కున్నాడు.

"సహాయకుల సంతకం నేను పెడతాను మేడమ్. ముందు మా క్యాండిడేటుని మిగతా జవాబులు చెప్పనివ్వండి."