తేట పైకొచ్చింది

"తేరుకుంటోందమ్మాయ్, తేరుకుంటోంది," అన్నాడు మామ, గాజు బుడ్డికి ముక్కు ఆనించినంత పని చేసి.

కోడలు ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగింది. ఆ వాసన పీలిస్తే కళ్ళు తిరుగుతాయని పొద్దుట్నుంచీ చెబుతూనే ఉంది. వింటేగా!

గింజలు దొరక్క నూనె మిల్లు మూతపడ్డాక ఆయనలో ఇంత హుషారు ఎవరూ చూడలేదు. మిల్లు వెనక గదిలో గాజు సామాను పెట్టుకుని, తొట్లలో పెంచిన పాచిలోంచి నూనె తీస్తానని కోడలు అన్నప్పుడు, తన పాచి నోట్లోంచి కూడా ఓ గరిటెడు తీసిపెట్టమని ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. ఇప్పుడు ఆయనకే నిద్ర పట్టడం లేదు. ఇవాళ ఇలాంటి నూనె కొనే కంపెనీవాళ్ళు వస్తున్నారు. కళ్ళెదుట నూనె చూపిస్తే మిల్లు మళ్ళీ తిరుగుతుంది. లేకపోతే వాళ్ళు ఇటునుంచి ఇటే ఇంకొకరి దగ్గరికి పోతారు.

తొట్లలో ఉన్న పాచినంతా కోడలు ఎండబెట్టి, పొడి చేసి, క్లోరోఫాం కలిపిన మందులో నానబెట్టింది. పాచిలోని కొవ్వును కరిగించి బయటికి లాగే మందు అది. వడగట్టి, నీళ్ళు కలిపి, కింద కొళాయి ఉన్న ఆ బుడ్డిలో పోసి కుదిపింది. పొరలు విడిపోవడమే తరువాయి. తొట్లలో ఇక చారెడు పాచి కూడా మిగల్లేదు.

అంతలో ఫోన్ మోగింది. కంపెనీవాళ్ళు వీధి మలుపులో దారి తెలియక నిలబడ్డారట.

"నేను వెళ్ళి తీసుకొస్తాను. మీరు దీన్ని చూస్తూ ఉండండి మామయ్యగారూ, చాలు."

"నాకా చెబుతున్నావు? నూనెలో పుట్టి నూనెలో పెరిగినవాణ్ణి."

ఆమె అలా వెళ్ళిందో లేదో, బుడ్డిలో గీత గీసినట్టు రెండు పొరలు నిలిచాయి. పైన తేటగా ఒకటి, కింద చిక్కటి ఆకుపచ్చగా ఒకటి. అచ్చం మిల్లులో లాగే, పైన నూనె, అడుగున మడ్డి. వచ్చినవాళ్ళకి ఆ మడ్డి చూపిస్తే ఏం బాగుంటుంది? సింకు మీద బుడ్డి పట్టుకుని కొళాయి తిప్పాడు. పచ్చటిదంతా జారిపోయి, తేట ఇంకా జారబోతుండగా టక్కున కట్టేశాడు. చెయ్యి తిరిగిన ఒడుపు ఎక్కడికి పోతుంది? సింకుకి మరక పట్టకుండా నీళ్ళు వదిలి మరీ కడిగాడు.

తలుపు తెరుచుకోగానే బుడ్డిని పైకెత్తి పట్టుకున్నాడు.

"చూడండి. మా కోడలు తీసిన నూనె."

ఇంత తేటగా ఎక్కడా చూడలేదని వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కోడలు మాత్రం బుడ్డి అడుగుకేసి చూస్తూ ఉండిపోయింది. పచ్చటిది ఏదని మెల్లగా అడిగింది. మడ్డిని ఎప్పుడో కడిగేశానని ఆయన గర్వంగా చెప్పాడు.

ఆమె సింకు దగ్గరికి వెళ్ళి తూములోకి చూసింది.

"క్లోరోఫాం నీళ్ళకంటే బరువు మామయ్యగారూ, అందులో కరిగిన నూనె దాంతోపాటు అడుక్కే పోతుంది."