తెల్లరాయి కింది ఊట

మాలోతి కొండల్లో నేను నీళ్లు తాగని ఊట లేదు. అందుకే మనవరాలు లినేయో కొండలెక్కడానికి బయల్దేరే ముందు, గుడారం ఎక్కడ వేయాలో, నీళ్లెక్కడ దొరుకుతాయో నన్నే అడిగింది.

"మిట్టమధ్యాహ్నమే ఆగమంటావేంటి తాతా? నాకున్న సెలవు మూడు రోజులే," అని విసుక్కుంది.

"ముందుకెళ్తే నీళ్లు లేవే. తెల్లరాయి కింది ఊటను పాము కాస్తోంది."

"కాపరులు నిన్న అక్కడే తాగారట. అసలు నువ్వెప్పుడైనా చూశావా?"

"ఈయన ఆ రాయికి ఇవతలున్న గట్టు దాటితే కదా," అంది నా భార్య బఠాణీలు ఒలుస్తూ.

లినేయో విసురుగా లేచింది. నా దుప్పటి జారి, మోకాలి కట్టు కనబడగానే ఆగిపోయింది.

"నువ్వు ఆగమన్న చోట్లన్నీ నీ మోకాలు నడవగలిగిన దూరంలోవేనా? వస్తానని అడగొచ్చుగా తాతా."

"వద్దంటావని."

"గుర్రం మీద రా."

పాము నా కల్పనే. ఆ ఊట నీళ్లు తాగొచ్చాక దానికి రెండో తల కూడా పెట్టాను.