మెట్ల కింద చోటు

"నా అద్దాల గోడకి పాత పేపర్లు అంటించిందెవరు?" కొత్త గ్రంథాలయానికి ప్లాను గీసిన ఆర్కిటెక్టు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నేనే," అంది లైబ్రేరియన్. "ఎండకి పుస్తకాల అట్టలు పెళుసెక్కి విరిగిపోతున్నాయి. ఇది లైబ్రరీయా, బట్టలారేసుకునే డాబానా?"

"అవార్డు వాళ్లు ఫొటోలకి వస్తున్నారమ్మా! హాల్లో చదివేవాళ్లు ఒక్కరూ లేరేం?"

"ఉన్నారు, రండి."

ఆమె విసవిసా నడిచి అతణ్ణి పెద్ద మెట్ల కిందికి తీసుకెళ్లింది. అక్కడ చీపుళ్లు, బకెట్ల పక్కన, మెట్ల సందుల్లోంచి పడే వెలుగులో పదిమంది నేలమీద కూర్చుని చదువుకుంటున్నారు.

ఒక పెద్దాయన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే పక్కకి జరిగాడు. "కూర్చో నాయనా, చల్లగా ఉంది. ఈ బిల్డింగు కట్టినవాడెవడో గానీ, బుర్రపెట్టి కట్టింది ఇదొక్కటే."

ఆర్కిటెక్టు ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ చోటు అతను గీసింది కాదు, మెట్లు కట్టగా మిగిలింది.