పేరు పక్కన నంబరు

మధ్యాహ్నం వేళ మరమగ్గాలు చెవులు దిబ్బడేసేలా మోగుతుంటే, యాదగిరి కార్ఖానా గుమ్మంలో ఒక కొత్త మనిషి వచ్చి నిలబడ్డాడు.

బక్కపలచటి మనిషి. భుజాన గుడ్డ సంచి, చేతిలో కాగితం.

"సిద్ధరాములు ఈడనే ఉంటడా అన్నా?"

సిద్ధరాములు అక్కడ మగ్గం నడిపే పనివాడు. యాదగిరి ఓరగా కాగితంలోకి చూశాడు. ఇంగ్లీషు రాదు కానీ అంకెలు వచ్చు. ప్రతి పేరు పక్కనా ఒక నంబరుంది.

మీటర్ నంబర్లు! ఇంకేమవుతాయి?

వాళ్లుండే భవాని పేట్‌లో ఆ వారమంతా ఇదే భయం. పక్కనున్న జోడ్‌భావి పేట్‌లో కరెంటోళ్లు ఇలాగే కాగితం పట్టుకుని, పేర్లు చదివి, స్తంభాలకు తగిలించుకున్న దొంగ వైర్లన్నీ కోసుకుపోయారు. యాదగిరి నాలుగు మగ్గాలూ అలాంటి వైరు మీదే నడుస్తున్నాయి. అది తెగితే కొంప మునిగినట్టే.

"ఎవడ్రా నువ్వు?"

"సంఘం నుంచి వచ్చిన అన్నా. మా వెబ్‌సైట్ పెట్టి మూడేండ్లాయె. అండ్ల పేర్లు, నంబర్లు అన్ని పాతవడ్డయి. ఎవరున్నరు, ఎవరు లేరు, అన్ని అరుసుకొని కంప్యూటర్‌ల కొత్తగ ఎక్కియ్యాలె..."

ఏ సంఘమో యాదగిరి అడగలేదు. వెబ్‌సైట్ అంటే ఏమిటో తెలియదు. కంప్యూటర్ తెలుసు. కరెంటు బిల్లులు ఇప్పుడు దాంట్లోంచే వస్తున్నాయి.

"మా పేర్లు కంప్యూటర్‌ల ఎక్కిస్తవారా?"

చెంప ఛెళ్లుమంది.

"అరే సిద్ధరాములూ, బాహేర్ యే, బయటికి రా! నీ పేరు రాస్కొని వచ్చిండు సూడు!"

సిద్ధరాములు వచ్చాడు. యాదగిరి తమ్ముడు వెంకటేశ్ వచ్చాడు. పక్క కార్ఖానాల వాళ్లూ ఉరికొచ్చారు. సంగతేమిటని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. అందరూ కొట్టినవాళ్లే.

యాదగిరి చేతికి మగ్గం కర్ర దొరికింది. మొదటి దెబ్బకు మోచెయ్యి విరిగింది. రెండోది నెత్తి మీద పడింది.

"కొట్టుండ్రి గని... ఆ కాగితం మాత్రం చింపకుండ్రి. ఒక్కసారి ఎవరితోనన్న సదివించుకోండ్రి!"

సదివించుకోవాలట! యాదగిరి కాగితాన్నీ సంచినీ కలిపి, నూలుకు పెట్టే గంజి గోలెంలో ముంచేశాడు.

ఆ మనిషి ఎలాగో లేచాడు. తల పట్టుకుని, గోడలు పట్టుకుంటూ వెళ్లిపోయాడు. సందు మలుపుదాకా నేలంతా నెత్తురే. వెంకటేశ్ బకెట్లతో నీళ్లు పోసి కడిగాడు.

"మళ్ల ఇటు దిక్కు రాడు" అని యాదగిరి మీసం దువ్వుకున్నాడు.

మూడో రోజు పొద్దున, నూలు కండెతో అటూ ఇటూ పరుగెత్తే నాడె మగ్గంలోంచి ఎగిరింది. దాని ఇనుప మొన వెంకటేశ్ మెడలో దిగింది.

ఆసుపత్రికి చేరేసరికి యాదగిరి చొక్కా అంతా తమ్ముడి నెత్తురుతో తడిసిపోయింది.

"ఓ నెగెటివ్. మా దగ్గర లేదు. గంటలోపల తేవాలె" అంది నర్సు కమల. "రక్తదానం చేసేటోళ్ల సంఘం ఒకటున్నది. వాళ్ల వెబ్‌సైట్ల నుంచి తీసిచ్చిన లిస్టు ఇది. గని పాతది. వాళ్ల మనిషి ఇంటింటికి తిరిగి కొత్తది రాస్తున్నడు. ఇంక అందలే."

యాదగిరి కాగితం అందుకున్నాడు.

ఇంగ్లీషు అక్షరాలు. ప్రతి పేరు పక్కనా ఒక నంబరు.

కాగితం పట్టుకుని ఫోన్ బూత్‌కు పరుగెత్తాడు. ఓ నెగెటివ్ కింద నాలుగే పేర్లున్నాయి. బూత్ అతను చదివి, నంబర్లు కలిపి ఇచ్చాడు.

మొదటి నంబరే లేదట. రెండో మనిషి భివండి వెళ్లిపోయాడు. మూడో మనిషి చనిపోయి ఏడాది దాటింది.

నాలుగోది మోగింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"అమ్మా, అంబాదాస్ ఉన్నడా? మా తమ్ముడు సావుబతుకుల మీదున్నడు. జర రక్తం ఇయ్యమను తల్లీ, నీ కాళ్లు మొక్కుత!"



"ఎవరు పిలిచినా ఉరికి ఉరికి ఇచ్చేటోడు అన్నా. ఆ లిస్టు సరిజేస్తనని మొన్న భవాని పేట్‌కు పోయిండు. ఉన్న రక్తమంత ఆడనే పోయింది. నిన్న మట్టి చేసినం."