చూసే చదవాలి

"ఎడమ ఇంజన్ పోయిందమ్మాయ్!" ముందు సీట్లోంచి పెద్దాయన తాపీగా అన్నాడు.

పోగొట్టింది ఆమే. సిమ్యులేటర్ వెనక కుర్చీలో కూర్చుని ఒక్క మీట నొక్కింది. గదిలో ఉన్న ఆ ఉత్తుత్తి విమానం నిజం విమానంలాగే ఒరిగింది.

ఆయన కుడికాలి పెడల్ తొక్కి సరిచేశాడు. ఆ ఇంజన్‌కి ఇంధనం ఆపాడు. తర్వాత ఆపదలో ఏం చేయాలో వరుసగా రాసివున్న పుస్తకం తెరిచి ఒక్కో వరుసా పైకి చదువుతూ మిగతా పని చేశాడు. ఎంత కంఠతా వచ్చినా చూసే చదవాలన్నది నియమం. పన్నెండేళ్ళ క్రితం ఆమె గడగడా అప్పజెప్పబోతే, చేతిలో పుస్తకం పెట్టి మళ్ళీ మొదట్నుంచి చదివించింది ఈయనే.

ఇవాళ ఆమె పరీక్షాధికారి. గట్టెక్కితే గురువుగారు ఇంకో ఏడాది ఎగురుతారు, లేదంటే ఇక ఇంటికే. తన చేత్తో ఆయన్ని దింపేయాల్సి వస్తుందేమోనని ఆమెకు పొద్దున్నుంచీ ఒకటే భయం.

"తిట్టుకోకండి సార్," అంటూ రెండో మీట నొక్కింది.

కరెంటు మొత్తం పోయింది. బ్యాటరీ మీద బతికే రెండు మీటర్ల ముళ్ళు తప్ప కాక్‌పిట్ అంతా చిమ్మచీకటి. తన ముందున్న తెర వెలుగు అటు పడకుండా ఆమె మధ్యలో నల్ల కర్టెన్ లాగింది. ఇక ఆయన కనబడడు, వినబడతాడంతే.

"ఇంకేమైనా దాచావా?"

"లేదు సార్, కానివ్వండి."

"టార్చి తీశా. పుస్తకం తీశా. చదువుతున్నా."

పేజీ తిరిగిన చప్పుడు. జనరేటర్ మళ్ళీ వేసి చూశాడు, రాలేదు. అక్కర్లేనివన్నీ కట్టేశాడు. చక్రాలు చేత్తో దింపాడు. ఒక్క ముక్క తప్పలేదు, ఎక్కడా తడుముకోలేదు. పది నిమిషాల్లో రన్‌వే మీద దిగాడు.

"నూటికి నూరు సార్!" ఆమె సంతోషం పట్టలేక అరిచినంత పని చేసింది.

"నూటపది వెయ్యకూడదూ, పిసినారీ!"

ఇద్దరూ రిపోర్టు ముందు కూర్చున్నారు. ఆమె 'పాస్' అని రాసి సంతకం చేసింది.

"నేనెక్కడ పెట్టాలి? వేలు పెట్టి చూపించు."

చూపించింది. ఆయన గీకేసి, ఈల వేసుకుంటూ టీ కోసం వెళ్ళాడు.

సొరుగులో పెడదామని ఆమె, ఆయన వదిలేసిన టార్చి తీసుకుని నొక్కింది. వెలగలేదు. మూత విప్పింది. కొత్త టార్చి. కంపెనీవాళ్ళు బ్యాటరీకి అడ్డంగా పెట్టిన ప్లాస్టిక్ ముక్క, పొద్దున తానిచ్చినప్పటిలాగే, ఇంకా అక్కడే ఉంది.

అంటే అంత చీకట్లో ఆయన చదవలేదు, అప్పజెప్పాడు.

ఆమె రిపోర్టు దగ్గరకు లాక్కుంది. ఆయన సంతకం గీత మీద లేదు, పైనున్న అచ్చు అక్షరాల మీద అడ్డంగా పడింది.

ఆయనకు అక్షరాలు వెలుగులోనూ కనబడవు.